బైబిల్ వాక్యం మీద ప్రశ్న అడిగితే విశ్వాసం తగ్గినట్టా?

మన క్రైస్తవ సంఘాల్లో ఒక అలవాటు బాగా పాతుకుపోయింది. ఎవరైనా కుర్రాడు లేచి "బ్రదర్, ఇక్కడ ఇలా ఉంది, అక్కడ ఇంకోలా ఉంది, ఏంటిది" అని అడగ్గానే "వాక్యాన్ని ప్రశ్నించకూడదు తమ్ముడూ, ప్రార్థన చేసుకో" అని కూర్చోబెట్టేస్తాం. వాడు కూర్చుంటాడు, కానీ ఇంటికెళ్ళి యూట్యూబ్‌లో వెతుక్కుంటాడు, అక్కడేం దొరుకుతుందో మనకి తెలిసిందే, ఒక పక్క బైబిల్ అంతా కల్పితం అని అరిచేవాళ్ళు, ఇంకో పక్క వాళ్ళని తిట్టేవాళ్ళు. కొన్నాళ్ళకి వాడు చర్చికి రావడం మానేస్తాడు, వాళ్ళమ్మగారు ఏడుస్తూ ప్రార్థన మనవి పంపిస్తారు. ఇది చూసి చూసి నాకు బాధేసి ఈ పోస్ట్ రాస్తున్నా. యవనస్తుల కూడికల్లో నన్ను ఎక్కువగా అడిగేవి నాలుగు తీసుకున్నా, నాకు తెలిసినంతలో సూటిగా చెప్తా.

అసలు ముందు, అడగొచ్చా అనేది. బాప్తిస్మమిచ్చు యోహానుని గుర్తు తెచ్చుకోండి. యొర్దాను దగ్గర అందరి ముందూ "ఇదిగో దేవుని గొర్రెపిల్ల" అని వేలు పెట్టి చూపించిన మనిషి ఆయన. అదే మనిషి హేరోదు జైల్లో పడ్డాక శిష్యుల్ని పంపి ఏమడిగించాడు? "రాబోవువాడవు నీవేనా, మేము మరియొకనికొరకు కనిపెట్టవలెనా?" మత్తయి 11 లో ఉంది. ఇంత పెద్ద అనుమానం మన సంఘంలో ఎవరైనా మైకులో చెప్తే ఏమవుద్దో ఆలోచించండి. యేసు ప్రభువు మాత్రం ఒక్క మాట కూడా కసరలేదు, గుడ్డివాళ్ళు చూస్తున్నారు, కుంటివాళ్ళు నడుస్తున్నారు, పేదలకి సువార్త అందుతోంది, మీరు విన్నవీ చూసినవీ వెళ్ళి చెప్పండి అన్నాడు, అంటే సాక్ష్యాలు చూపించాడన్నమాట. పైగా ఆ శిష్యులు వెనక్కి తిరిగాక జనం వైపు చూసి, స్త్రీలు కన్నవారిలో యోహానుకంటే గొప్పవాడు పుట్టలేదు అన్నాడు. ప్రశ్న అడిగిన రోజునే ఆ మాట అన్నాడండి. బెరయ ఊరివాళ్ళు కూడా అంతే, పౌలు చెప్పింది నిజమేనా అని రోజూ లేఖనాలు తిప్పి చూసుకున్నారు, వాళ్ళు ఘనులు అని అపొస్తలుల కార్యములు 17 లో రాసుంది. కాబట్టి అడగండి.

ఇక అందరూ అడిగే మొదటి ప్రశ్న. బైబిల్‌ని మార్చేశారు కదా, రాజులు వాళ్ళకి నచ్చినట్టు రాయించుకున్నారు కదా. దీనికి తోడు ఒక వాట్సాప్ మెసేజ్ ఎప్పటినుంచో తిరుగుతోంది, కాన్‌స్టంటైన్ అనే రోమా చక్రవర్తి నైసియాలో జరిగిన బిషప్పుల సభలో కూర్చుని ఏ పుస్తకాలు ఉంచాలో ఏవి తీసెయ్యాలో ఓటేయించాడని. నైసియా సభ జరిగింది 325 లో, అక్కడ గొడవంతా అరియస్ అనే ఆయన బోధ గురించి, దేవుని కుమారుడైన యేసు సృష్టించబడినవాడా కాదా అని. ఆ సభ చేసిన 20 నిబంధనలు ఇప్పటికీ చదువుకోవచ్చు, వాటిలో ఎక్కడా బైబిల్ పుస్తకాల లిస్టు లేదు. మనం ఇప్పుడు చదివే కొత్త నిబంధన 27 పుస్తకాలూ అచ్చంగా అవే ఒక లిస్టుగా కనపడేది 367 లో, అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ ఈస్టర్‌కి రాసిన ఉత్తరంలో. అప్పటికే సువార్తలూ పౌలు పత్రికలూ సంఘాల్లో చదువుతూ 200 ఏళ్ళు దాటిపోయింది. ఒక రాజు ఒక రోజు కూర్చుని తేల్చిన వ్యవహారం కాదది, హెబ్రీ పత్రిక, ప్రకటన లాంటి కొన్నిటి మీద చాలాకాలం చర్చ నడిచింది కూడా, అది దాచాల్సిన విషయమేం కాదు.

మరి రాతలు మారాయా? ఇక్కడ నిజాయితీగా ఉండాలి. చేత్తో కాపీ చేసిన ప్రతి పుస్తకంలోనూ తేడాలు వస్తాయి, బైబిల్ ప్రతుల్లోనూ ఉన్నాయి. కొత్త నిబంధనకి గ్రీకు ప్రతులే 5 వేలకి పైన ఉన్నాయి, చిన్న ముక్కల దగ్గర్నుంచి పూర్తి పుస్తకాల దాకా. యోహాను 18 వ అధ్యాయంలో కొన్ని మాటలున్న ఒక పపైరస్ (ఆనాటి రెల్లు కాగితం) ముక్క ఇంగ్లాండులో మాంచెస్టర్ లైబ్రరీలో ఉంది, ఏటీఎం కార్డు కన్నా కాస్త పొడుగ్గా ఉంటుందంతే, దాన్ని రెండో శతాబ్దపుది అని చాలామంది పండితులు లెక్కేస్తారు. ఇన్ని ప్రతులు ఇన్ని దేశాల్లో చెదిరిపోయి ఉన్నప్పుడు ఎవరో ఒకరు మధ్యలో కూర్చుని అన్నిట్నీ ఒకేలా మార్చెయ్యడం కుదిరే పని కాదు, మారిస్తే దొరికిపోతారు. దొరికాయి కూడా. మార్కు 16 లో 9 నుంచి 20 వచనాలు సీనాయి ప్రతిలోనూ వాటికన్ ప్రతిలోనూ లేవు, రెండూ నాలుగో శతాబ్దపు గ్రీకు ప్రతులే. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ, యోహాను 8 లోది, చాలా పాత ప్రతుల్లో కనపడదు. కొత్త అనువాదాలు చాలావాటిలో ఈ సంగతి పేజీ కింద రాసే ఉంటుంది. మన పిల్లలకి ఈ మాట మనమే చెప్పాలి, శత్రువు నోటి నుంచి మొదటిసారి వినకూడదు. ఆ రెండు భాగాలూ పక్కన పెట్టినా యేసు సిలువ, పునరుత్థానం, పాపక్షమాపణ ఏదీ కదలదు, అవన్నీ మిగతా చోట్ల నిండా ఉన్నాయి.

పాత నిబంధనకి వస్తే నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది, ఇది కాస్త వివరంగా చెప్పనివ్వండి. 1947 వరకు మనకున్న పూర్తి హెబ్రీ బైబిల్ ప్రతుల్లో పాతవన్నీ క్రీస్తు తర్వాత సుమారు వెయ్యేళ్ళ నాటివి, లెనిన్‌గ్రాడ్ ప్రతి అనేది 1008 నాటిది. అంటే యెషయా రాసినదానికీ మన చేతికి వచ్చినదానికీ మధ్య ఎంత ఖాళీయో చూడండి. ఆ టైంలో మృత సముద్రం ఒడ్డున కుమ్రాన్ గుహల్లో గొర్రెల కాపరులకి జాడీల్లో తోలు చుట్టలు దొరికాయి, వాటిలో యెషయా గ్రంథం మొత్తం ఉంది. 17 తోలు ముక్కలు కలిపి కుట్టిన చుట్ట, విప్పితే 7 మీటర్లు దాటుతుంది, 54 నిలువు వరుసల (కాలమ్‌ల) రాత. క్రీస్తు పుట్టడానికి వందేళ్ళకి పైగా ముందుది. ఒక్క దెబ్బకి వెయ్యేళ్ళకి పైగా వెనక్కి వెళ్ళిపోయాం. పోల్చి చూస్తే అక్షరాల స్పెల్లింగులు, అక్కడక్కడా మాటల తేడాలు బోలెడు ఉన్నాయి, పుస్తకం మాత్రం అదే యెషయా.

ఆ చుట్టలో 40 వ అధ్యాయం దగ్గర ఏం జరిగిందో చూడండి. "గడ్డి యెండిపోవును, పువ్వు వాడిపోవును" అనే మాట 7 వ వచనంలో ఒకసారి, 8 లో ఇంకోసారి వస్తుంది. రాస్తున్నాయన కన్ను మొదటిదాని మీంచి రెండోదాని మీదకి దూకేసింది, మధ్యలో ఉన్నదంతా వదిలేశాడు. మనం ఫోన్ నెంబర్లు ఎక్కించేటప్పుడు చేసే పొరపాటే. తర్వాత ఇంకొకరెవరో చదువుతూ పట్టుకుని, ఆ వదిలేసిన మాటల్ని వరుస పైన సందులో ఇరికించి, చోటు చాలక అంచులో కిందికి దింపుతూ రాశారు. ఫోటోల్లో స్పష్టంగా కనపడుతుంది, చేతిరాత కూడా వేరే. "మన దేవుని వాక్యము నిత్యము నిలుచును" అనే వచనం దగ్గరే ఇలా జరిగింది. మనుషులు పొరపాటు చేశారు, మనుషులే సరిచూశారు, ఆ పొరపాటునీ ఆ దిద్దుబాటునీ దాచకుండా మనకి వదిలేశారు. నాకైతే దీంట్లో నా విశ్వాసం బలపడింది. దేవుడు తన మాటని మనుషుల చేతుల్లోంచే, వాళ్ళ అలసిపోయిన కళ్ళలోంచే కాపాడుకుంటూ వచ్చాడు. ఇంకో నిజం కూడా చెప్పేస్తా, అన్ని పుస్తకాలూ ఇంత దగ్గరగా లేవు, యిర్మియా గ్రీకు అనువాదం హెబ్రీ దానికన్నా సుమారు ఎనిమిదో వంతు చిన్నది, వరుస కూడా కొంచెం వేరు. ఇవన్నీ తెలిసిన విశ్వాసులు కోట్లమంది ఉన్నారు, ఎవరికీ ఆకాశం విరిగి పడలేదు.

యిర్మియా మాట వచ్చింది కాబట్టి రెండో ప్రశ్న. ఇది చాలామంది పైకి అడగరు, లోపల కుమిలిపోతుంటారు. "నాకు వచ్చిన వాగ్దానం నెరవేరలేదేంటి?"

మన దగ్గర డిసెంబర్ 31 రాత్రి వాచ్ నైట్ ఆరాధన అయ్యాక ట్రేలో వాగ్దాన కార్డులు పట్టుకొస్తారు, ప్రార్థన చేసుకుని ఒకటి తీస్తాం. మెరిసే కార్డు, వెనకాల పువ్వులో సూర్యోదయమో, మీద ఒక వచనం, అది ఏడాదంతా బైబిల్లో పెట్టుకుంటాం, కొంతమంది ఫ్రిజ్ మీద అతికిస్తారు. నాకు ఆ పద్ధతంటే ఇష్టమే, ముసలమ్మలు కళ్ళకద్దుకుని ఆ కార్డు చదివించుకోవడం చూస్తే ఎవరికైనా మనసు కరుగుతుంది. అందులో తరచుగా వచ్చేది యిర్మియా 29:11, సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావు అనే వచనం. అది వచ్చినవాళ్ళు ఈ ఏడాది డీఎస్సీ వచ్చేస్తుంది, వీసా స్టాంపింగ్ అయిపోతుంది, సంబంధం కుదిరిపోతుంది అని నమ్మేస్తారు. డిసెంబర్ వచ్చేసరికి ఏదీ కాలేదు, ఇక తప్పు ఎవరిది, నా విశ్వాసానిదా దేవుడిదా అని మొదలవుతుంది.

దయచేసి ఆ వచనానికి ముందున్న 10 వ వచనం చదవండి, అది ఉన్న కార్డు నేనెక్కడా చూడలేదు. "70 సంవత్సరములు గడిచిన తరువాత" అని ఉంటుంది. క్రీస్తుపూర్వం 597 లో బబులోను రాజు నెబుకద్నెజరు యూదా రాజు యెకొన్యానీ పెద్దల్నీ కంసాలి పనివాళ్ళనీ బబులోనుకి తోలుకుపోయాడు, వాళ్ళకి యెరూషలేము నుంచి యిర్మియా రాసిన ఉత్తరం ఇది. ఇక్కడ యెరూషలేములో హనన్యా అనే ప్రవక్త ఆ రోజుల్లోనే జనం ముందు లేచి రెండేళ్ళలో అంతా వెనక్కి వచ్చేస్తారు అని ప్రకటించాడు, బబులోనుకి లోబడాలనే దానికి గుర్తుగా యిర్మియా మెడ మీద వేసుకున్న కాడిని లాగి విరగ్గొట్టాడు కూడా. జనానికి ఎవరి మాట నచ్చి ఉంటుందో చెప్పక్కర్లేదు. యిర్మియా పాపం "ఆమెన్, ప్రభువు అలాగే చేయునుగాక" అన్నాడు, ఆయనకీ మనసులో అదే కోరిక. కానీ దేవుడు చెప్పింది వేరు, ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటి వాటి పళ్ళు తినండి, పిల్లలకి పెళ్ళిళ్ళు చేయండి, మిమ్మల్ని తీసుకుపోయిన ఆ పట్టణం క్షేమం కోరి దానికోసం ప్రార్థన చేయండి. అంటే అక్కడ ఉత్తరం వింటున్న నలభై ఏళ్ళ మనిషి తిరిగి రాడు. వాడి మనవడు వస్తాడు. ఆ మనిషికి చెప్పిన మాట 29:11.

ఇలా చదివితే వచనం చిన్నదైపోతుందని కొందరికి భయం, నాకైతే ఎంతో పెద్దదైంది. ఉద్యోగం రాని ఏడాదిలో కూడా, డల్లాస్‌లో వీసా టెన్షన్‌తో నిద్రపట్టని రాత్రి కూడా, హైదరాబాద్ హాస్టల్ గదిలో మూడోసారి గ్రూప్స్ రాస్తున్నప్పుడు కూడా అది నిలబడే మాట, ఎందుకంటే అది చెప్పినప్పుడే కష్టం మధ్యలో ఉన్నవాళ్ళకి చెప్పారు. దానియేలు ముసలితనంలో, ఆ బబులోనులోనే, ఇదే 70 ఏళ్ళ లెక్క చదువుకుని ఉపవాసంతో ప్రార్థనకి కూర్చున్నాడు, దానియేలు 9 చూడండి. అసలు అధ్యాయాలు విడగొట్టింది 13 వ శతాబ్దంలో, కొత్త నిబంధనకి ఇప్పుడున్న వచనాల నెంబర్లు వేసింది 1551 లో, పారిస్ నుంచి జెనీవా వెళ్ళిన ముద్రాపకుడు రాబర్ట్ ఎస్టియెన్. బబులోనులో మొదట విన్నవాళ్ళకి ఈ నెంబర్లేవీ లేవు, ఉత్తరాన్ని ఉత్తరంలాగే విన్నారు. మీరు కూడా యిర్మియా 27 నుంచి 29 దాకా ఒకే కూర్చోవడంలో చదవండి, అరగంట కూడా పట్టదు.

మూడోది, రోగం. ప్రార్థన చేస్తే స్వస్థత వస్తుందా, మరి మందులు వేసుకుంటే విశ్వాసం లేనట్టా? ఇది ప్రాణాల మీదకి వచ్చే ప్రశ్న కాబట్టి మెత్తగా చెప్పలేను. షుగర్ ఉన్నవాళ్ళతో ఇన్సులిన్ మానేయించడం, టీబీ కోర్సు మధ్యలో ఆపించడం, ఫిట్స్ బిళ్ళలు పారేయమనడం, ఇలాంటివి నేను విన్నాను, ఇంటి మనిషిని పోగొట్టుకున్న కుటుంబంతో కూర్చున్నాను కూడా. అలా చెప్పే అధికారం ఎవరికీ వాక్యం ఇవ్వలేదు. హిజ్కియా రాజుకి నీ ప్రార్థన విన్నాను, బాగుచేస్తాను అని దేవుడు చెప్పాక కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు, 2 రాజులు 20. పౌలు తిమోతికి కడుపు జబ్బు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు, ఇంత స్వస్థత వరం ఉన్న పౌలు, తన తోటి పనివాడు త్రోఫిముని మిలేతు ఊళ్ళో రోగంతోనే వదిలి వచ్చానని రాశాడు. ఇంకో తోటి పనివాడు ఎపఫ్రొదితు చావు దాకా వెళ్ళొచ్చాడు. పౌలు పక్కన చివరిదాకా ఉన్న లూకా వైద్యుడు. ఇక పౌలు తన సంగతికి వస్తే తన శరీరంలో ముల్లు అని పిలిచిన బాధని తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు, వచ్చిన జవాబు నా కృప నీకు చాలును అని.

మన నేల మీద చూసినా అంతే కదా. అన్నా కుగ్లర్ గారు 1883 లో అమెరికా నుంచి గుంటూరు వచ్చారు, ఆడవాళ్ళని మగ డాక్టరుకి చూపించని రోజులవి, ఆవిడ పని మొదలుపెట్టి 1898 నాటికి ఆసుపత్రి తెరిచారు, ఇప్పటికీ ఆవిడ పేరు మీదే ఉంది. రాయలసీమ నుంచీ కోస్తా నుంచీ రైలెక్కి మనవాళ్ళు పోయే వెల్లూరు సీఎంసీ కూడా ఐడా స్కడర్ గారు 1900 లో చిన్న వైద్యశాలగా మొదలుపెట్టిందే. వాళ్ళు ప్రార్థన మానేసి ఆపరేషన్లు చెయ్యలేదు, ప్రార్థన చేస్తూనే చేశారు. ఇంకొక్క మాట, పిల్లాడికి జబ్బు చేస్తే "మీ ఇంట్లో ఏదో పాపం ఉంది" అని తల్లిదండ్రుల మొహం మీద అనేవాళ్ళున్నారు. యోహాను 9 లో పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు సరిగ్గా ఇదే అడిగారు, వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్ళా అని. వీడూ కాదు, వాళ్ళూ కాదు అన్నాడు యేసు. అక్కడితో ఆ మాట మన నోట్లోంచి పోవాలి.

చివరిది మన తెలుగు క్రైస్తవులందరికీ ఏటా ఎదురయ్యేది, ప్రసాదం. పక్కింటావిడ వినాయక చవితికి ఉండ్రాళ్ళు తెచ్చారు, ఆఫీసులో ఎవరో తిరుపతి లడ్డు పంచుతున్నారు, ఏం చెయ్యాలి? దీని మీద 1 కొరింథీ 8 నుంచి 10 దాకా మూడు అధ్యాయాలున్నాయి, కొరింథులో ఉన్నవాళ్ళ పరిస్థితి అచ్చం మనదే, చుట్టూ గుళ్ళు, చుట్టాలంతా అక్కడికే వెళ్ళేవాళ్ళు, బజార్లో మాంసం కూడా కొంత అక్కడినుంచే వచ్చేది. పౌలు ఒక్క రూలు చెప్పి వదిలెయ్యలేదు, ఎక్కడ తింటున్నావో చూసి విడివిడిగా చెప్పాడు. గుడిలో పూజ భోజనానికి కూర్చోవద్దు, ప్రభువు బల్లలో (చర్చిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడంలో) పాలు పుచ్చుకుంటూ అక్కడా కూర్చోలేవు. అంగట్లో కొన్నది ఎక్కడిదని ఆరా తీయకుండా తిను. నమ్మని స్నేహితుడు భోజనానికి పిలిస్తే వెళ్ళు, పెట్టింది తిను. కానీ ఇది అర్పించింది అని ఎవరైనా చెప్తే ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినకు.

ప్రసాదం అని చెప్పి ఇచ్చేది ఈ చివరి దాని కిందకే వస్తుందని నేను చదువుకున్నా, అందుకే తీసుకోను. విగ్రహం వట్టిదే కదా, తింటే ఏమవుతుంది అనే విశ్వాసులు కూడా ఉన్నారు, 8:4 వాళ్ళకి ఆధారం, రోమా 14 చదివాక వాళ్ళని తీర్పు తీర్చే పని నాది కాదనుకుంటాను. నాకు అస్సలు నచ్చనిది మాత్రం ఒకటుంది, నవ్వుతూ చేతిలోకి తీసుకుని, ఆవిడ అటు తిరగ్గానే చెత్తబుట్టలో వెయ్యడం. ఆవిడ భక్తితో తెల్లారుజామున లేచి చేసింది అది. పేతురు జవాబు చెప్పమన్నది సాత్వికంతో, భయంతో. "ఆంటీ, ఏమనుకోకండి, మేము ప్రసాదం తీసుకోమండి, మీరు ఇంత ప్రేమగా తెచ్చారు, ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి" అని మొహం చూసి చెప్తే నొచ్చుకునేవాళ్ళు చాలా తక్కువ, మన చుట్టూ ఉన్న హిందూ కుటుంబాలు ఈ విషయంలో మనం అనుకునేదానికన్నా ఎంతో పెద్ద మనసుతో ఉంటాయి. వాళ్ళ ఇంట్లో పెళ్ళి భోజనం, పండక్కి చేసిన గారెలు, పులిహోర, అవన్నీ హాయిగా తినండి, ఆరా తీయకండి.

పిల్లలకి కూడా ఇదే నేర్పండి. స్కూల్లో ఫ్రెండ్ ప్రసాదం ఇస్తే "ఛీ, మా దేవుడు ఒప్పుకోడు" అని మొహం తిప్పుకునేలా పెంచొద్దు. "థాంక్స్ రా, మేం ప్రసాదం తినం, నా బాక్స్‌లో నిమ్మకాయ పులిహోర ఉంది, షేర్ చేసుకుందాం రా" అని చెప్పడం ఎనిమిదేళ్ళ పిల్లకి కూడా వస్తుంది. ఎందుకు తినకూడదు అని ఆ పిల్ల ఇంటికొచ్చి అడిగితే టీవీ ఆపి, 1 కొరింథీ 10 తీసి, దగ్గర కూర్చోబెట్టుకుని చదివించండి.